వసతి పాఠశాలలోని పిల్లలు – పంచాయతీల బాధ్యత
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



గ్రామ పంచాయతీ యనగానే మన మనస్సునకు వీధి దీపములు, మంచినీటి కొళాయిలు, మురుగు కాలువలు, బాటలు తోచును. ఇవి యన్నియు అవసరములే. కాని తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డ, బడి మాని కూలికి పోవు బిడ్డ, సొంత యింటనే రక్షణ కరవైన బిడ్డ మన యూరిలో ఎందరున్నారని ఎన్నడైనను ఒక్క సమావేశములో లెక్క చూచితిమా? ఇట్టి పిల్లలకు వసతితో కూడిన చిన్న పాఠశాలలు ఏమి చేయగలవు, అవి చేయజాలని దానిని పంచాయతీ ఎట్లు చేయవలెను అను విషయమును గూర్చి నేడు కొంత చెప్పదలచితిని.

ఈ మార్గము తెలుగు దేశమునకు క్రొత్తది కాదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వారి సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారును గుంటూరులో శారదా నికేతనమును స్థాపించి, ఆదరణ కరవైన స్త్రీలకు, బాలికలకు నీడయు, చదువును, చేతిపనియు కలుగజేసిరి. 1971లో నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల వెలసినది. పల్లెలోని పేద పిల్లవానికి భోజనము, వసతి, మంచి గురువు లభించినచో ఎవరికిని తీసిపోడని అది నిరూపించినది. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు పనిలోనున్న పిల్లలను విడిపించి, వసతి శిబిరములలో చదివించి, సర్కారు బడులలో చేర్పించిరి. ఆ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసేసే బహుమానము లభించినది. 2004లో కేంద్ర ప్రభుత్వము కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములను ప్రారంభించినది. ఇందు నూటికి 75 స్థానములు షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాక వర్గముల బాలికలకును, తక్కిన 25 దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల బాలికలకును కేటాయింపబడినవి. ఆదిలో 8వ తరగతి వరకే యున్న ఈ విద్యాలయములను 12వ తరగతి వరకు విస్తరించుటకు 2018 నుండి అవకాశము కల్పింపబడినది.

వసతి బడి ఎందులకు? ఊరి బడి చాలదా? అని మీరు అడుగవచ్చును. పండ్రెండేండ్ల బాలిక నొకతెను తలచుకొనుడు. రెండవ తరగతిలో బడి మానినది. కర్నూలు, మహబూబునగరు ప్రాంతములలో ఎందరో బాలికలు చేసినట్లే, విత్తన పత్తి చేలలో క్రాసింగు పనికి పోయినది. ఆమెను తెచ్చి ఒకటవ తరగతి పసిపిల్లల ప్రక్కన కూర్చుండబెట్టినచో సిగ్గుతో వారము తిరుగకముందే మానివేయును. ఏడవ తరగతిలో కూర్చుండబెట్టినచో ఒక్క ముక్కయు బోధపడదు. ఈ రెంటి నడుమ ఒక వంతెన కావలెను. ఆ వంతెనయే వసతి శిబిరము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 4వ సెక్షనులో ఇదే చెప్పబడినది: బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను, తోటివారితో సమానముగా నడుచుటకు ప్రత్యేక శిక్షణ నీయవలెను.

అట్టి బడి చిన్నదిగా నుండుటలో గొప్ప లాభము కలదు. కష్టపడి వచ్చిన బిడ్డ మొదటి దినములలో పుస్తకము పట్టదు. రాత్రులు నిద్ర పట్టదు. పిలిచినచో ఉలికిపడును. కొందరు పిల్లలు రొట్టెముక్కను దిండు క్రింద దాచుకొందురు. వీరికి మొట్టమొదట కావలసినది వేళకు అన్నము, పేరు పెట్టి పిలుచు మనిషి, రేపును ఈ మనిషియే ఇచట ఉండునన్న నమ్మకము. వందలమంది ఉన్నచోట ఆ బిడ్డ హాజరు పట్టీలో ఒక సంఖ్య మాత్రమే. కొద్దిమంది ఉన్నచోట ఈ దినము ఎవరు అన్నము వదలివేసిరో ఉపాధ్యాయురాలికి తెలియును. భయము తగ్గిన పిదపనే అక్షరము నిలుచును. పాట, కథ, సంత లెక్క, తన యూరి పేరు వ్రాయుట – ఇట్లు మొదలిడినచో, పని నేర్చిన బుద్ధి కావున పెద్దపిల్లలు వేగముగనే అందుకొందురు.

అయినను ఒక హెచ్చరిక చేయక తప్పదు. పేదరికము వలన బిడ్డను ఇంటినుండి వేరుచేయుట ధర్మము కాదు. 2015 నాటి బాలల న్యాయచట్టము, వసతి గృహమున ఉంచుట చిట్టచివరి ఉపాయమని స్పష్టముగా చెప్పుచున్నది. తల్లి వితంతువై బిడ్డను పోషింపలేకున్నచో, బిడ్డను పంపివేయుట కాదు, తల్లికి సాయము చేయుట మొదటి మార్గము. మిషన్ వాత్సల్య పథకము క్రింద అర్హులైన పిల్లలకు, కుటుంబములోనే యుండి చదువుకొనుటకై నెలకు 4,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. దీనికి తండ్రి మరణ ధ్రువపత్రము కావలెను. మరణము నమోదు కానందున సాయము ఆగినచో ఆ లోపము తల్లిది కాదు, మనది. ఊరిలో జననమైనను మరణమైనను వెంటనే నమోదగునట్లు చూచుట బిడ్డల రక్షణలో మొదటి మెట్టు.

ఇల్లే లేని బిడ్డ, ఇంట హింసకు గురియగు బిడ్డ కనబడినపుడు మరొక మార్గము అనుసరింపవలెను. 1098 సంఖ్యకు ఫోను చేయుడు. చట్టము ప్రకారము అట్టి బిడ్డను, ప్రయాణకాలము మినహాయించి, 24 గంటలలో జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపరచవలెను. ఆ సమితిలో అధ్యక్షులు గాక నలుగురు సభ్యులుందురు. బిడ్డ ఎచట ఉండవలెనో నిర్ణయించు అధికారము వారిదే. సర్పంచుగారికి గాని, ఊరి పెద్దలకు గాని, బంధువునని చెప్పుకొని వచ్చిన వానికి గాని ఆ అధికారము లేదు. పట్టణములో ఉచితముగా చదివించెదమని కారులో వచ్చి పిల్లలను తీసికొనిపోవు వారుందురు. అట్టివారిని, మీ గృహము చట్టము క్రింద నమోదైనదా, పత్రము చూపుడు అని అడుగుడు. నమోదు లేక గృహము నడుపువారికి ఏడాది వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఒక్క ప్రశ్న అడుగుటచేత ఒక బిడ్డ బ్రతుకు నిలువవచ్చును.

ఇక పంచాయతీ చేయదగిన పనులను చెప్పెదను.

మొదటిది, బిడ్డ వెడలునపుడు కాగితములు సమకూర్చుట. జనన, కుల ధ్రువపత్రములు ఊరి నుండియే రావలెను. వయస్సు పత్రము లేదని ఏ బడియు ప్రవేశము నిరాకరింపరాదని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అయినను పత్రము లేని బిడ్డ తరువాత పరీక్షలకు, విద్యార్థి వేతనములకు తిప్పలు పడును.

రెండవది, సెలవులు. దసరాకు, సంక్రాంతికి, వేసవికి ఇంటికి వచ్చిన బాలికలు కొందరు మరల బడికి పోరు. పొలములో కలుపుకో, పెండ్లి పీటలకో పోవుదురు. బడి తెరచిన వారములోగా, మన యూరి నుండి ఎందరు వెళ్లవలెనో, ఎందరు వెళ్లిరో వార్డు సభ్యులు విచారింపవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. ముహూర్తమునాడు వచ్చి ఆపుటకన్న, మాటలు నడచుచున్నపుడే ఆ తల్లిదండ్రులతో కూర్చుండి మాటలాడుట మేలు.

మూడవది, ఆస్తి. తండ్రి పోయిన బిడ్డకు ఎకరమో, ఇంటి స్థలమో యుండవచ్చును. బిడ్డ వసతి గృహములో నుండగా అది ఇతరుల పేరున మారిపోవు ప్రమాదము కలదు. ఆ వివరములను పంచాయతీ కార్యాలయమున వ్రాసి యుంచి, రెవెన్యూ వారికి తెలియజేయుడు. పెద్దవాడై తిరిగివచ్చిన పిల్లవానికి నిలుచుటకు చోటు లేకున్నచో మన రక్షణకు అర్థమేమి?

నాలుగవది, పదునెనిమిదేండ్లు నిండిన పిదప. ఆనాటితో వసతి ముగియును గాని బ్రతుకు అప్పుడే మొదలగును. 21 ఏండ్ల వరకు సహాయము చేయుటకు చట్టములో వీలున్నది. వృత్తి విద్యకో, ఉద్యోగమునకో దారి చూపుటకు ఊరిలో ఒక పెద్ద దిక్కు ఉండవలెను.

మీ గ్రామములోనే అట్టి గృహము గాని విద్యాలయము గాని ఉన్నచో మరికొంత బాధ్యత కలదు. నీరు, వెలుతురు, ప్రహరీ గోడ, మరుగుదొడ్లు సరిగానున్నవో లేవో చూడుడు. అచటి పిల్లలు ఊరి బడికి వచ్చినచో ప్రత్యేకముగా కూర్చుండబెట్టనీయకుడు. అనాథలని పిలువనీయకుడు. పండ్లు పంచి ఛాయాచిత్రములు తీయించుకొను ఆచారమును మాన్పింపుడు. మన దానమునకు సాక్ష్యముగా బిడ్డ ముఖమును పత్రికలలో వేయుట వారి మర్యాదకు భంగము, చట్టమునకును విరుద్ధము. వారిని గ్రామ క్రీడలకు, పండుగలకు తోటి పిల్లలుగా ఆహ్వానింపుడు.

ఈ పనులలో పెక్కింటికి నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము, నెలకొక సమావేశములో పదినిమిషముల కాలము చాలును. ఆ పుస్తకములో మొదటి పుటపై మీ గ్రామమున బడి బయటనున్న పిల్లల పేరులను, వసతి బడులలో చదువుచున్న పిల్లల పేరులను వ్రాయుడు. వచ్చు సమావేశమునకు ఆ పట్టికతో రండు.