బల్ల మీద గీసిన గండికోట



మేము పదో తరగతిలో ఉండగా బడి నుంచి గండికోట విహారయాత్ర వేశారు. ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. బస్సు డబ్బులు కట్టలేక ఆరుగురం మిగిలిపోయాం. మాకు తోడుగా సోషల్ మాస్టారు ఆగిపోయి, పెన్నా లోయను నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించారు.

మొన్న మార్చిలో ఆ ఆరుగురిలో నలుగురం కారులో బయల్దేరాం. నల్లపాడు దాటగానే కళ్లాల్లో ఎర్రగా మిర్చి. నరసరావుపేట, వినుకొండ మీదుగా మార్కాపురం. చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దిన పలకల ఊరు. గిద్దలూరు, మైదుకూరు, జమ్మలమడుగు దాటాక గండికోట. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసి లోయ అంచుకు చేరాం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ ఎక్కడో కింద పెన్న. మాస్టారు గీసిన వంపే! కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

తిరుగుదారిలో పులివెందుల వైపు అన్నీ చీనీ తోటలు. మన బత్తాయినే అక్కడ చీనీ అంటారు. ఒక సంచి కొని మాస్టారింటికి పట్టుకెళ్లాం.

"ఇంతకీ వంపు సరిగ్గానే గీశానంటారా?" అని అడిగారు. ఆయనా ఈనాటిదాకా గండికోట చూడలేదట!

అందుకే ఒక మనవి. ఇకమీదట డబ్బు లేక ఏ పిల్లా, ఏ పిల్లాడూ బడి యాత్రకు ఆగిపోకూడదు. ఆ ఖర్చు మన సంఘం భరించాలి. మొదటి ఏడు మా నలుగురిది. ఆ బస్సులో ముందు సీటు మాత్రం మాస్టారిది.