వజ్రం పుట్టిన గడ్డ, వజ్రపుటుంగరం పుట్టిన అంగడి
(స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారు చరిత్ర పాఠంలో రాజుల కన్నా సరుకుల గురించే ఎక్కువ చెప్పేవారు. ఆయన దారిలోనే నేనూ ఒక సరుకు గురించి మాట్లాడతాను. ఇప్పుడు గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో కూడా నిశ్చితార్థమంటే ఉంగరాలు మార్చుకోవడం మామూలైపోయింది. కలిగినవాళ్లయితే అందులో వజ్రం పొదిగిస్తున్నారు. ఈ ఆచారం ఎక్కడిది?

వజ్రం మాత్రం మనదే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డ నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు సీమలో రామళ్లకోట, జొన్నగిరి, తుగ్గలి. కృష్ణ దాటితే నారాయణపేట, మద్దూరు ప్రాంతంలో వజ్రాలను భూగర్భం నుంచి పైకి మోసుకొచ్చే కింబర్లైటు రాళ్లు. అదే కృష్ణ దిగువన కొల్లూరు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూసి రాసిన గని అదే. ఈనాడది పులిచింతల నీళ్ల కింద ఉంది. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా, బోర్నియోలో దొరికిన కాసిన్ని తప్ప, లోకానికి వజ్రాలు పంపింది మన దేశమే. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో ఇప్పటికీ జనం తల వంచుకుని, తడిసిన మట్టిలో మెరుపు కోసం అడుగులో అడుగు వేస్తూ వెతుకుతుంటారు.

అంత వజ్రం పుట్టిన చోట పెళ్లికి మాత్రం వజ్రం అక్కర్లేకపోయింది. మన రత్నశాస్త్రాలు వజ్రంలో బిందువు, రేఖ, కాకపాదం అంటూ దోషాలు ఎంచాయి. వజ్రం రాజుల ఖజానాకు, గ్రహశాంతికి చెందిన వస్తువు. పెళ్లి ఖాయం చేసేది పూలూపండ్లు, తాంబూలం, పిల్లకు పెట్టే చీర. పెళ్లయిందని చెప్పేది పుస్తెమట్టెలు. ఉంగరం మన పెళ్లిలోనూ ఉంది కానీ అది ఆటలో ఉంది. బిందెలో నీళ్లు పోసి ఉంగరం వేస్తే వధూవరులు ఒకేసారి చెయ్యి పెడతారు, చుట్టూ ఉన్న వదినామరదళ్లు ఎవరి పక్షాన వాళ్లు కేకలేస్తారు. ఆ ఉంగరానికి రాయి ఉందా లేదా అని ఎవరూ చూడరు.

యూరప్‌లో 1477లో ఆస్ట్రియాకు చెందిన మాక్సిమిలియన్, బర్గండీ మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం అది దొరల ముచ్చటే. 1867లో దక్షిణాఫ్రికాలో ఆరెంజ్ నది ఒడ్డున వజ్రం దొరకడంతో కథ తిరిగింది. కొద్ది ఏళ్లలోనే గనుల నుంచి వజ్రాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిని ఒక చేతికిందికి తెచ్చి ధర నిలబెట్టడానికి 1888లో సెసిల్ రోడ్స్ డీబీర్స్ సంస్థను కట్టాడు.

సరుకు బిగబట్టి ఉంచడం ఒక్కటే చాలదు, కొనేవాళ్లకు కారణం కూడా కావాలి. 1930ల ఆర్థిక మాంద్యంలో అమ్మకాలు పడిపోయాయి. 1938లో డీబీర్స్ ఎన్.డబ్ల్యు. అయర్ అనే అమెరికన్ ప్రకటనల సంస్థను పిలిచింది. 1947లో అక్కడ పనిచేసే ఫ్రాన్సెస్ గెరెటీ, వజ్రం శాశ్వతమని చెప్పే నాలుగు మాటల నినాదం రాసింది. శాశ్వతమన్నది ప్రేమకే కాదు, వ్యాపారానికీ పనికొచ్చింది: ప్రేమగుర్తును ఎవరూ తిరిగి అమ్మరు, పాత వజ్రం బజారుకొచ్చి కొత్తదాని ధర కొట్టదు.

అంతా ప్రకటన మాయే అంటే సగమే నిజం. మాట తప్పిన వరుడి మీద దావా వేసే హక్కును 1935 నుంచి అమెరికా రాష్ట్రాలు ఒక్కొక్కటే రద్దు చేస్తూ వచ్చాయి. చట్టం తప్పుకున్న చోట ఖరీదైన ఉంగరం జామీనుగా నిలబడిందని మార్గరెట్ బ్రినిగ్ అనే న్యాయశాస్త్ర పండితురాలు 1990లో వాదించారు. నాకు ఇది నచ్చిన వాదన. మన దగ్గర ఆ జామీను రెండు కుటుంబాలు, తాంబూలాలకు కూర్చున్న పెద్దమనుషులు. అందుకే రాయి అవసరం పడలేదు.

అవసరం లేనిచోట కూడా ఆచారాన్ని నాటవచ్చని జపాన్ చూపింది. 1967లో అక్కడ నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం అందుకున్నవారు నూటికి అయిదుగురు కూడా లేరు. 1981కల్లా అరవై మంది అయ్యారు. మధ్యలో నడిచింది ప్రకటనలే.

మనకు వచ్చిన చిక్కు వేరు. మన ఇళ్లలో బంగారం అక్కరకొచ్చే ఆస్తి. వాన కురవని ఏడు బ్యాంకులో కుదువ పెడితే విత్తనాలకు డబ్బొస్తుంది. తూకం వేసేటప్పుడు రాళ్ల బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. అంటే వజ్రానికి పెట్టింది ఖర్చే, దాచింది కాదు. పైగా అచ్చం అలాంటి వజ్రాన్నే ఇప్పుడు ప్రయోగశాలలో చాలా తక్కువ ధరకు తయారుచేస్తున్నారు.

వజ్రం పెట్టుకోవద్దని నేననను. ఇష్టపడి, స్తోమత ఉండి పెట్టుకునేవాళ్లను కాదనడానికి మనమెవరం? నా మాట పిల్లల తల్లిదండ్రులకు. కట్నంలో ఒకప్పుడు చేతిగడియారం చేరింది, తర్వాత మోటారుసైకిలు చేరింది. రెండూ ముచ్చటగానే మొదలై హక్కుగా మారాయి. వజ్రపుటుంగరం ఆ వరుసలోకి పోకుండా ఆపడం మన చేతుల్లోనే ఉంది. పూలూపండ్ల నాడు ఇచ్చిపుచ్చుకునేవి కాగితం మీద రాసుకుంటారు కదా, ఆ కాగితంలో ఉంగరం పేరు రాయకండి.