యోగమునకు సంస్కృత మెందులకు?
(చిత్తూరు పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఐక్యరాజ్యసమితి 2014లో జూన్ 21వ తేదిని యోగదినముగా నిర్ణయించినది మొదలు మన పట్టణములందును ఆసనములకు మంచి గిరాకి కలిగినది. సంతోషమే. కాని రెండు ప్రశ్నలు తఱచుగా వినవచ్చుచున్నవి. దేహమును వంచుటకు సంస్కృతముతో పనియేమి యని యొకరు. సంస్కృతము రానివానికి యోగమున అధికార మెక్కడిదని మఱియొకరు. ఈ రెండవ మాటయే మాకు బాధ కలిగించుచున్నది.

మొదటిదానికి సమాధానము సంధ్యావందనముననే కలదు. అందు ప్రాణాయామమునకు గడియారముతో పనిలేదు. వ్యాహృతులతోడను శిరస్సుతోడను గూడిన గాయత్రిని మనసున ముమ్మాఱు జపించునంతకాలము ఊపిరి నిలుపవలయునని విధి. మంత్రమే ఊపిరికి కొలత. హ్రస్వ మొక మాత్ర, దీర్ఘము రెండు. అక్షరము చెడినచో కొలతయే చెడును. పతంజలియు ప్రణవజపమును మాత్రము చెప్పి యూరకుండలేదు. దాని యర్థమును భావించుటను గూడ జతచేసినాడు. తెలుగు తప్ప వేఱొండు భాష యెఱుగని సాక్షిచేత ఇంగ్లీషున ప్రమాణము చేయించినయెడల అది వాని మనస్సాక్షిని బంధించునా? న్యాయవాదులమగుట మాకీ యుపమానమే తోచినది.

రెండవదానికి సమాధాన మిచ్చినది మన సీమ యాడుబిడ్డ. 2022 వఱకు చిత్తూరు జిల్లాలోనిదైన తరిగొండలో 1730లో జన్మించి, బాల్యముననే వైధవ్యము పొంది, తిరుమల చేరిన వెంగమాంబ రాజయోగసారమును, వాసిష్ఠరామాయణమును తెలుగు ద్విపదలో రచించినది. ద్విపద యనగా పండితసభకే పరిమితమైన ఛందస్సు కాదు. అక్షరము రాని యిల్లాలును పాడుకొనదగినది. అందును కపిలుడు తన తల్లి దేవహూతికి బోధించిన యోగమును ఆమె యెన్నుకొన్నది చూడుడు: కొడుకు గురువు, తల్లి శిష్యురాలు! ప్రాణము, ధ్యానము, సమాధి యను మాటలు తెలుగువారి నోటను నిలిచియేయున్నవి. వాని యర్థము మాత్రము ఆమె గుమ్మము దాటించి వీథిలోనికి తెచ్చినది. నేడు తిరుమలలో ఆమె పేరిటి భవనమున వేలకొలది భక్తులు అన్నప్రసాదము స్వీకరించుచున్నారు. ఆమె యోగగ్రంథమును తెఱచి చూచినవా రెందఱు?

తిరుపతిలో 1961లో వెలసిన సంస్కృత విద్యాపీఠము 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. అంతటి పండితకూటమి మనకు రెండు గంటల ప్రయాణములో నుండగా, మంత్రమును తప్పులేక పలుకుటయు, దాని తెలుగు తాత్పర్యమును నేర్చుకొన మనకు కష్టమేమి? వారిలో నొకరిని ఆదివారము సాయంకాలములందు ఇచ్చటికి రప్పింపవలయునని మా కోరిక. కులమడుగక, స్త్రీపురుష భేదము లేక, వచ్చినవారి నెల్లర కూర్చుండబెట్టవలయును. అందఱకును చాపలు పఱచు పని మా స్వయంసేవకులది. పండితునికి లేఖ వ్రాయుట ఈ మందిర కార్యదర్శిగారి పని, వారిక్కడనే యున్నారు.