ముట్టుకు ముందు బాధలు - ఇంటి వైద్యం



ఒక ఇల్లాలు ఉంది. నెలంతా నవ్వుతూ పనిచేస్తుంది. ముట్టుకు వారం ముందు మాత్రం ఊరికే చిరాకు పడుతుంది. పిల్లల్ని కసురుతుంది. రొమ్ములు సలుపుతాయి. పొట్ట ఉబ్బుతుంది. నడుం లాగుతుంది. "దీనికి గాలి సోకింది" అంటుంది అత్త. "పొగరు" అంటాడు మొగుడు. ముట్టు రాగానే అన్నీ తగ్గిపోతాయి.

ఇది గాలీ కాదు, పొగరూ కాదు. ముట్టుకు ముందు ఒంట్లో హార్మోన్లు పెరిగి తగ్గుతుంటాయి. కొందరికి ఆ మార్పు పడదు. డాక్టర్లు దీన్ని పి.ఎం.ఎస్. అంటారు.

మరి ఏం చేయాలి? వంటింట్లోనే కొంత మందు ఉంది.

అల్లం: చిన్న ముక్క నలగ్గొట్టి గ్లాసు నీళ్లలో మరిగించాలి. వడకట్టి, కాస్త బెల్లం వేసుకుని తాగాలి. రోజుకు రెండుసార్లు చాలు. ముట్టు నొప్పి అల్లంతో తగ్గుతుందని పరీక్షల్లో కూడా తేలింది. అల్లం లేకపోతే శొంఠి.

వాము: కడుపు ఉబ్బరానికి వాము నీళ్లు మంచివి.

వావిలాకు: ఈ ఆకు వేసి కాచిన నీళ్లు నడుం మీద పోసుకుంటే హాయిగా ఉంటుంది. లోపలికి మాత్రం తాగొద్దు.

రాగులు: 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కాల్షియం బిళ్లలు వాడిన ఆడవాళ్లకు ఈ బాధలు బాగా తగ్గాయని 1998లో అమెరికాలో జరిగిన పరీక్షలో తేలింది. అందుకే రాగి సంకటి, జావ, మజ్జిగ మానొద్దు. ఆ వారం ఊరగాయ, ఉప్పు తగ్గించాలి.

జాగ్రత్త! ముట్టు తప్పితే కషాయాలు తాగొద్దు. కడుపేమో ముందు చూపించుకోవాలి. పేరు తెలియని వేరు, పొడి ఎవరిచ్చినా మింగొద్దు. రక్తం మరీ ఎక్కువ పోయినా, లేవలేనంత నొప్పి వచ్చినా, చచ్చిపోవాలనిపించినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. అందులో సిగ్గు లేదు.

నేర్చుకున్న అక్షరాలకు ఇక్కడ పని ఉంది. గోడ మీది క్యాలెండర్‌లో ముట్టు వచ్చిన రోజున "ము" అని రాయాలి. చిరాకు పడ్డ రోజున "చి", నొప్పి వచ్చిన రోజున "నొ" అని రాయాలి. మూడు నెలలు రాస్తే లెక్క తెలిసిపోతుంది. నర్సమ్మకు చూపించొచ్చు. మొగుడికీ చూపించొచ్చు. ఆ నాలుగు రోజులు నీళ్ల బిందె అతనే మోస్తే, సగం మందు అదే!