న్యూయార్క్ ఆసుపత్రి బిల్లులో ఆ అదనపు శాతం

ఈవేళ సంగతి కాస్త పొడిగా ఉంటుంది. కానీ న్యూజెర్సీలో, క్వీన్స్‌లో చిన్న కన్సల్టింగ్ కంపెనీలు నడిపే మనవాళ్ళు, వాటిలో పనిచేసేవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి. క్లెయిములు చెల్లించే ప్రోగ్రాముల మీద పనిచేసేవాణ్ణి కాబట్టి ఈ లెక్కలతో నాకు రోజూ పనే.

న్యూయార్క్ రాష్ట్రం 1996లో హెల్త్ కేర్ రిఫార్మ్ యాక్ట్ అనే చట్టం చేసి, 1997 జనవరి నుంచి అమలులో పెట్టింది. ఆరోగ్య బీమా ఇచ్చేవాళ్ళు ఆసుపత్రి సేవల మీద సర్‌ఛార్జి కట్టాలి. రాష్ట్రంలో నివసించే సభ్యులకు తలకింత, కుటుంబానికింత అని ఇంకో చందా. బీదవాళ్ళ వైద్యానికి, డాక్టర్ల శిక్షణకి, పిల్లల చైల్డ్ హెల్త్ ప్లస్ వంటి పథకాలకి ఈ సొమ్ము వెళ్తుంది. అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు.

"బీమా ఇచ్చేవాళ్ళు" అనగానే పెద్ద కంపెనీలే గుర్తొస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ప్రీమియం తగ్గుతుందని ఉద్యోగుల వైద్య ఖర్చు తామే భరించే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ పెట్టుకున్న కంపెనీ కూడా ఈ చట్టం లెక్కలో చెల్లింపుదారే. ఆఫీసు ఎడిసన్‌లో ఉన్నా, ఉద్యోగి మన్‌హాటన్ ఆసుపత్రిలో చేరితే సర్‌ఛార్జి పడుతుంది.

రాష్ట్రం దగ్గర నమోదై, నేరుగా నిధికే కడతామని ఒప్పుకున్నవాళ్ళకి ఇది 9.63 శాతం. నమోదు కానివాళ్ళకి ఇంకో 28.27 కలిపి మొత్తం 37.90 శాతం. పదివేల డాలర్ల బిల్లు మీద 963 డాలర్లతో పోయేది 3,790 అవుతుంది. ఇన్‌పేషెంటు బిల్లయితే దానిమీద ఇంకొంత. నన్నడిగితే అసలు జరిమానా ఇదే, పేరుకి మాత్రం సర్‌ఛార్జి.

నమోదయ్యాక ఎగవేస్తే వేరే లెక్క. బాకీ మీద ఏడాదికి కనీసం 12 శాతం వడ్డీ. మరీ తక్కువ కడితే మొదటి నెలకి 5 శాతం పెనాల్టీ, ఆపైన నెలకో 5 చొప్పున 25 శాతం దాకా. రిపోర్టులు పంపకపోతే బాకీ ఎంతో రాష్ట్రమే అంచనా కడుతుంది. ఆడిటర్లు పాత క్లెయిముల లెక్కలూ అడుగుతారు.

"మా ప్లాన్ ఎరిసా అనే ఫెడరల్ చట్టం కింద ఉంది, రాష్ట్రం మమ్మల్ని ముట్టుకోలేదు" అని కొందరు బ్రోకర్లు ధైర్యం చెబుతుంటారు. దీనికి ముందున్న చట్టం సర్‌ఛార్జీల మీద ట్రావెలర్స్ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఖర్చు పెరిగినంత మాత్రాన ఎరిసా అడ్డురాదని కోర్టు 1995లో ఏకగ్రీవంగా తేల్చింది. కాబట్టి ఆ ధైర్యాన్ని నమ్ముకోకండి.

ఇవన్నీ క్లెయిములు చూసే ఏజెన్సీ చూసుకుంటుంది అంటారు. చూసుకోవచ్చు, కానీ బాకీ ప్లాన్‌దే. అంటే కంపెనీ సొమ్ము, జీతాల్లోంచి ఉద్యోగులు కట్టిన సొమ్ము. నమోదైనవాళ్ళ జాబితాని న్యూయార్క్ ఆరోగ్య శాఖ వెబ్‌సైటులో పెడుతుంది. ఆసుపత్రి బిల్లింగ్ వాళ్ళు చూసేది కూడా దాన్నే. ఏజెన్సీ పేరు కాదు, మీ ప్లాన్ పేరు, ట్యాక్స్ ఐడీ అందులో ఉన్నాయా, ఏ తేదీ నుంచి ఉన్నాయో చూడండి. లేకపోతే సోమవారమే ఆ ఏజెన్సీకి ఉత్తరం రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.