ఉపకారవేతన దరఖాస్తు – మహావగ్గం చూపిన పద్ధతి
(ప్రసంగ పాఠం)

 



నిర్వాహకులు మాకు అప్పగించిన అంశం ‘బౌద్ధం – విద్య’. నలందా, విక్రమశిల, నాగార్జునకొండ విహారాల వైభవం చెప్పుకొంటూ పోతే ఈ సాయంకాలం హాయిగా గడిచిపోతుంది. ఆ పని మాకన్నా సమర్థంగా చేయగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. మేము ఆ విశాల విషయంలో నుండి ఒక చిన్న భాగాన్ని మాత్రమే తీసుకొంటున్నాం. మన పిల్లలు ప్రభుత్వ ఉపకారవేతనం కోసం ఏటా ఒక దరఖాస్తు నింపుతారు. అందులో ఏమేమి అడగాలో, ఎలా అడగాలో నిర్ణయించేటప్పుడు దానిని నింపవలసినవారి మాట వినాలి. ఈనాటి మా ప్రసంగం దీని గురించే. ధమ్మసభలో దరఖాస్తుల ప్రస్తావన ఏమిటని ఎవరికైనా సందేహం కలిగితే, వినయపిటకంలోని మహావగ్గాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవలసిందిగా ప్రార్థన.

ఉపసంపద కోరి వచ్చిన వ్యక్తిని భిక్షుసంఘం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా వ్యాధులు నీకు ఉన్నాయా? నీవు స్వతంత్రుడవేనా? అప్పులున్నాయా? రాజు కొలువులో ఉన్నావా? తల్లిదండ్రులు అనుమతించారా? 20 ఏళ్లు నిండాయా? పాత్ర, చీవరాలు సమకూర్చుకొన్నావా? నీ పేరేమిటి? నీ ఉపాధ్యాయుని పేరేమిటి? నేటి పరిభాషలో చెప్పాలంటే ఇది ఒక దరఖాస్తు పత్రం.

చరిత్ర పాఠం చెప్పేవారిగా మమ్మల్ని ఆకట్టుకొన్నది ఆ ప్రశ్నల పుట్టుక. వ్యాధుల ప్రశ్న వైద్యుడైన జీవకుని విన్నపం వల్ల వచ్చింది. చికిత్స దొరుకుతుందని రోగులు ప్రవ్రజ్య తీసుకొని, నయమైన వెంటనే వెళ్లిపోతూ ఉంటే ఆయన వచ్చి బుద్ధునితో మొరపెట్టుకొన్నాడు. రాజు కొలువు ప్రశ్న బింబిసారుని కోరికపై వచ్చింది. సరిహద్దు యుద్ధానికి పోవలసిన సైనికులు చీవరం కట్టుకొన్నారని ఆయన బాధ. తల్లిదండ్రుల అనుమతి ప్రశ్న వెనుక ఉన్నది శుద్ధోదనుని దుఃఖం. కొడుకులిద్దరి తరువాత మనుమడు రాహులుడు కూడా ఇల్లు విడిచినప్పుడు, ఇంకే తల్లికీ తండ్రికీ ఈ గతి పట్టకూడదని ఆయన కోరాడు. ఇలా ఒక వైద్యుడు, ఒక రాజు, ఒక తండ్రి చెప్పిన మాటలు విని ఆ ప్రశ్నలను కూర్చారు.

ఇంతకన్నా ముఖ్యమైన ఘట్టం ఆ తరువాత వస్తుంది. ఉపసంపద కోరినవారిని ముందుగా ఏమీ చెప్పకుండా సంఘ మధ్యంలో నిలబెట్టి ఈ ప్రశ్నలు అడిగినప్పుడు వారు తికమకపడ్డారు, సిగ్గుతో తలవంచుకొన్నారు, జవాబు చెప్పలేకపోయారు. ఈ సంగతి బుద్ధునికి నివేదించారు. జవాబు చెప్పలేనివాడు అనర్హుడని ఆయన అనలేదు. ముందుగా ప్రశ్నలను వివరించి, తరువాతనే అడగాలని విధించాడు. భిక్షువులు ఆ వివరణను కూడా అందరి ఎదుటనే చేశారు. అభ్యర్థులకు మళ్లీ అదే సిగ్గు, అదే తడబాటు. అప్పుడు బుద్ధుడు, ఒక పక్కకు తీసుకొనిపోయి వివరించండి, ఆ తరువాత సంఘ మధ్యంలో అడగండి అని రెండవసారి సవరించాడు. ఒకే నియమానికి రెండు సవరణలు జరిగాయి. రెండింటికీ కారణం దాని ముందు నిలబడినవారి ఇబ్బంది.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ బాబాసాహెబ్ అంబేడ్కర్, పార్లమెంటరీ పద్ధతి భారతదేశానికి కొత్తది కాదనీ, తీర్మానాలు, కోరం, ఓటింగు వంటి నియమాలన్నీ బౌద్ధ భిక్షుసంఘాలకు తెలుసుననీ గుర్తుచేశారు. సంఘకర్మలో ప్రతిపాదనను ఒకసారి వినిపించి, దానిపై మూడుసార్లు ప్రకటన చేస్తారు. సమ్మతించినవారు మౌనంగా ఉండాలి, సమ్మతించనివారు మాట్లాడాలి. మూడు పర్యాయాలు వినిపించిన తరువాతనే అక్కడ మౌనానికి అంగీకారమనే అర్థం వస్తుంది. మన ప్రభుత్వ దరఖాస్తుల విషయంలో ఒక్కసారి కూడా వినిపించరు. పోర్టల్ తెరిచిన రోజున విద్యార్థి దానిని మొదటిసారి చూస్తాడు. అతని మౌనాన్ని మాత్రం అంగీకారంగానే లెక్క కడతారు.

ఇక ఉపకారవేతనం సంగతికి వస్తాం. అంబేడ్కర్ స్వయంగా బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లినవారు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా ఉన్నప్పుడు షెడ్యూల్డు కులాల ఇబ్బందులపై ఆయన సమర్పించిన వినతిపత్రంలో విద్యకు పెద్ద స్థానం ఉంది. షెడ్యూల్డు కులాల విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతన పథకం 1944లో ప్రారంభమైంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీనిని సవరించి, ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రానిది, మిగిలినది రాష్ట్రాలది. ప్రయోజనం పొందేవారు నాలుగు కోట్ల మందికి పైగా ఉంటారని అంచనా. ఇంత పెద్ద పథకానికి గుమ్మం ఆ దరఖాస్తు ఒక్కటే.

ఆ గుమ్మం దగ్గర బౌద్ధ విద్యార్థికి వచ్చే చిక్కు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకు పరిమితం. 1956లో సిక్కులను చేర్చారు. అదే సంవత్సరం అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకొన్న లక్షల మందికి, వారి సంతానానికి ఆ గుర్తింపు తిరిగి దక్కడానికి 1990 నాటి సవరణ దాకా ఆగవలసి వచ్చింది. అంటే 34 ఏళ్లు. 1993లో కేంద్ర ప్రభుత్వం బౌద్ధులను జాతీయ మైనారిటీలలో ఒకరుగా కూడా ప్రకటించింది. ఈ రెండూ మనకు మేలు చేసిన నిర్ణయాలే. అయితే వాటి ఫలితంగా ఒకే విద్యార్థి ‘మతం’ గడి దగ్గర మైనారిటీ, ‘కులం’ గడి దగ్గర షెడ్యూల్డు కులం అవుతున్నాడు. ఈ రెండు గడులకూ పొంతన ఎలా కుదురుతుందో చెప్పే వాక్యం ఒక్కటి ఆ పక్కన ఉండదు.

ఎటు వెళితే ఏమవుతుందో చూడండి. కేంద్ర నిబంధనల ప్రకారం షెడ్యూల్డు కులాల పోస్ట్‌మెట్రిక్ పథకానికి కుటుంబ ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. అర్హులైనవారందరికీ అది హక్కుగా వస్తుంది. మైనారిటీ పోస్ట్‌మెట్రిక్ పథకం అమలులో ఉన్నప్పుడు దాని ఆదాయ పరిమితి రెండు లక్షలు. అంతకు ముందు పరీక్షలో 50 శాతం మార్కులు ఉండవలసి వచ్చేది. పైగా రాష్ట్రాలవారీగా, మతాలవారీగా సంఖ్య నిర్ణయమై ఉండేది. రెండింటినీ కలిపి పొందడం కుదిరేది కాదు. కాబట్టి తెలియక ఒక గడి మారితే, 48 శాతం మార్కులు వచ్చిన పేద విద్యార్థి రెండు చోట్లా నష్టపోయేవాడు.

మేము చూసిన ఒక సందర్భం చెబుతాం. ఒక విద్యార్థిని తండ్రి దీక్ష తీసుకొన్నవాడు. ఆమె బడి రికార్డులో మతం బౌద్ధమని ఉంది. తాత పేరున వచ్చిన పాత కాగితాలలో హిందూ అని ఉంది. ఒక కార్యాలయంలో ‘మీరు మైనారిటీ, అటు వెళ్లండి’ అన్నారు. అటు వెళితే ‘మీకు ఎస్సీ సర్టిఫికెట్ ఉందిగా, ఇటెందుకు వచ్చారు’ అన్నారు. చివరకు ఎవరో ఇచ్చిన సలహా ఏమిటంటే, ‘మతం దగ్గర హిందూ అని పెట్టెయ్యమ్మా, గొడవుండదు.’ ఆ సలహాలో దురుద్దేశమేమీ లేదు. 2011 జనగణనలో దేశంలోని బౌద్ధులు 84 లక్షలు. అందులో 65 లక్షల మంది మహారాష్ట్రలోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 37 వేలకు మించరు. మన మండల కార్యాలయాలలో బౌద్ధ విద్యార్థి కాగితాన్ని ఎన్నడూ చూడని ఉద్యోగులే ఎక్కువ. మహారాష్ట్రలో ప్రభుత్వ పథకాల పేర్లలోనే ‘అనుసూచిత జాతి, నవబౌద్ధ’ అని జంటగా కనిపిస్తుంది. అక్కడ ఆ విషయం ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అయినా తండ్రి సభలో నిలబడి ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసి తెచ్చుకొన్న మాటను, కూతురు కేవలం గడి నిండడం కోసం చెరిపివేయవలసి రావడం చిన్న విషయమని మేము అనుకోవడం లేదు.

ఇక్కడ అమరావతి శాసనం ఒకటి గుర్తుకు వస్తుంది. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని స్తూపానికి దానమిచ్చిన విధికుడు అనే వ్యక్తి, తాను చమ్మకారుడనని, అంటే తోలుపని చేసేవాడినని, నాగ ఉపాధ్యాయుని కొడుకునని రాయించుకొన్నాడు. తల్లిని, భార్యను, సోదరులను, బిడ్డలను కూడా దానంలో చేర్చాడు. తన వృత్తి, తన ధమ్మం ఒకే రాతి మీద, ఒకదానికొకటి అడ్డు రాకుండా ఉన్నాయి. కృష్ణాతీరంలో సుమారు రెండు వేల ఏళ్ల కిందట అది సాధ్యమైంది.

ఇలాంటి చిక్కులు దరఖాస్తు తయారుచేసేవారికి తోచవు. తోచలేదని వారిని నిందించడం మా ఉద్దేశం కాదు. అడిగితే తెలుస్తుంది. అడగడానికి మన దేశంలో కొంత ఆధారం ఉంది గాని, అది దరఖాస్తు దాకా రాదు. శాసనాల, నిబంధనల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. దరఖాస్తు పత్రం దాని పరిధిలో లేదు. సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను మరికొంత ముందుకు వెళుతుంది. విధానాల రూపకల్పనలోను, అమలులోను ప్రజలను సంప్రదించే ఏర్పాటు ఏదైనా ఉంటే దాని వివరాలను ప్రతి కార్యాలయమూ తనంతట తానే ప్రకటించాలని అది చెబుతుంది.

అమెరికాలో ఇందుకోసం ఒక చట్టమే ఉంది. పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ శాఖ ఒక దరఖాస్తును ప్రవేశపెట్టాలన్నా, మార్చాలన్నా మొదట 60 రోజులు, తరువాత 30 రోజులు ప్రజాభిప్రాయానికి ఉంచాలి. అది నింపడానికి ఎంత సమయం పడుతుందో అంచనా కట్టి చెప్పాలి. అక్కడ పౌరసత్వం పొందిన తెలుగు కుటుంబాల పిల్లలు కళాశాల సహాయం కోసం నింపే ఫాఫ్సా అనే దరఖాస్తు కూడా ఈ పద్ధతిలోనే వస్తుంది. అంతమాత్రాన అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని భ్రమపడనక్కరలేదు. సులభతరం చేసిన కొత్త ఫాఫ్సా 2023 అక్టోబరులో రావలసింది డిసెంబరు చివరికి గాని రాలేదు. వచ్చిన తరువాత కూడా లోపాలతో విద్యార్థులను నెలల తరబడి వేధించింది. అభిప్రాయం అడగడం ఒక్కటే చాలదు, పని కూడా సరిగా చేయాలి. అయితే నింపేవాడి కాలానికి విలువ ఉందని ఒక చట్టం ఒప్పుకోవడం మాత్రం మనం గమనించవలసిందే. మన విద్యార్థి మీసేవా కేంద్రానికి ఆదాయ ధ్రువపత్రానికి ఒకసారి, కుల ధ్రువపత్రానికి మరొకసారి, వేలిముద్రకు ఇంకొకసారి తిరుగుతాడు. పదవ తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు మూడు రకాలుగా ఉంటే మళ్లీ మొదటికి వస్తాడు. కూలికి వెళ్లే తల్లి అతనితో పాటు పనిదినాలు పోగొట్టుకొంటుంది. ఆ రోజులను ఎవరు లెక్కిస్తున్నారు?

మనకు ఆశ కలిగించే మాట 2020 సవరణలోనే ఉంది. ఈ పథకానికి సోషల్ ఆడిట్ జరగాలని అందులో చెప్పారు. సోషల్ ఆడిట్ తెలుగువారికి కొత్త కాదు. ఉపాధి హామీ పనులపై గ్రామసభలో మస్టర్లు చదివి వినిపించి, కూలీల చేతనే తప్పొప్పులు చెప్పించే పద్ధతిని దేశానికి చూపినవాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉంది. డబ్బు అందిందా లేదా అని మాత్రమే కాక, దరఖాస్తులో ఏ ప్రశ్న దగ్గర ఎంతమంది ఆగిపోయారో కూడా ఆ ఆడిట్‌లో అడగాలన్నది మా కోరిక. దరఖాస్తు ముసాయిదాను విద్యాసంవత్సరానికి ముందే తెలుగులో ప్రకటించి, కనీసం ఒక నెల గడువివ్వాలి. అంతర్జాలానికి దూరంగా ఉన్నవారి కోసం సంక్షేమ వసతిగృహాలలో చదివి వినిపించాలి. ప్రతి గడి పక్కన ఆ వివరం ఎందుకు అవసరమో ఒక వాక్యం ఉండాలి. ‘బౌద్ధ మతస్థులైన షెడ్యూల్డు కులాల వారు ఈ పథకానికి అర్హులు’ అన్న ఆరేడు మాటలను మతం గడి కింద ముద్రించడానికి ప్రభుత్వానికి ఖర్చేమీ కాదు. వచ్చిన అభ్యంతరాలలో దేనిని అంగీకరించారో, దేనిని ఎందుకు తోసిపుచ్చారో కూడా చెప్పాలి. లేకపోతే రెండవ సంవత్సరం ఎవరూ నోరు విప్పరు.

ప్రభుత్వం అడిగేదాకా మనం ఊరకే ఉండవలసిన పని లేదు. ఆషాఢ పౌర్ణమి నుండి మూడు నెలలు వర్షావాసం. కళాశాలల్లో ప్రవేశాలు, ఉపకారవేతన దరఖాస్తులు సాగేది కూడా ఇంచుమించు ఆ నెలల్లోనే. ఉపాసక కుటుంబాలు విహారానికి తరచుగా వచ్చే కాలం కూడా అదే. ఈ వర్షావాసంలో మన సంస్థకు చెందిన ప్రతి విహారంలోను ఆదివారాల్లో ఇద్దరు పట్టభద్రులు కూర్చొని, దరఖాస్తు నింపే పిల్లలకు పక్కకు పిలిచి వివరించి, వారు ఏ గడి దగ్గర తడబడ్డారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలని ప్రతిపాదిస్తున్నాం. పేర్లు అక్కరలేదు. జిల్లా, కోర్సు, చిక్కు ఏమిటి అన్నవి చాలు. ఆశ్వయుజ పౌర్ణమికి ఆ పుస్తకాలన్నీ ఒకచోట చేరిస్తే, రెండు రాష్ట్రాల సంక్షేమ శాఖలకు, కేంద్ర సామాజిక న్యాయ శాఖకు పంపే వినతిపత్రాన్ని రాసే బాధ్యత మేము తీసుకొంటాం. మొదటి పుస్తకం మా ఊరి విహారంలో ఇప్పటికే తెరిచి ఉంచాం.