హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోడి కొనేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: "జిబహ్ చేశారా?" అడగవలసిందే. కాని దివ్య ఖుర్ఆన్ అల్‌బఖరా సూరా 168వ ఆయత్‌లో 'హలాల్' పక్కనే 'తయ్యిబ్' అన్న మాట కూడా ఉంది. అంటే పరిశుద్ధమైనది, మేలైనది. జిబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి ప్రాణికి బాధ తగ్గించమన్నారు ప్రవక్త (స). ఆ దయ కోడి బ్రతికిన రోజులకు వర్తించదా?

ఫారాల్లో గుడ్ల కోళ్లు చాలాచోట్ల రెక్క విప్పను వీల్లేని పంజరాల్లో ఉంటాయి. ఒక్కో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలని 2023 కేంద్ర నిబంధనలు చెప్పాయి. అది మన పిల్లలు పరీక్ష రాసే తెల్లకాగితమంత కూడా కాదు!

పెరడున్నవారు నాలుగు పెట్టలు పెంచండి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. తవుడు, నూకలు, మిగిలిన అన్నం, ఆకుకూరల తొడిమలు వేసి, పగలు తిరగనిస్తే చాలావరకు గడుస్తుంది. కొక్కెర తెగులుకు టీకా మాత్రం మరవరాదు. పెరడు లేనివారు డాబా మీద పాత డబ్బాల్లో పుదీనా, కొత్తిమీర, మెంతికూర వేసుకోవచ్చు.

అదీ కుదరకపోతే, కోళ్లు పెంచుకుని బతికే మన బస్తీ ఆడపడుచుల దగ్గర బేరమాడకుండా గుడ్లు కొందాం. నాటుగుడ్డు ఖరీదెక్కువే, కాదనం. మూడుసార్లు తినేది రెండుసార్లు తిందాం. ఆ ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది.

అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.